వైసు మీద పసుపు

బందరులో కోనేరు సెంటరు నుంచి చిలకలపూడి వైపు వెళ్ళే రోడ్డు మీద, సోడా కొట్టుకీ సైకిలు షాపుకీ మధ్య, ఒక తలుపు రెక్కంత వెడల్పున్న కొట్టు ఉండేది. దానికి బోర్డు లేదు. పొద్దున్న పది దాకా ఎండ తిన్నగా లోపలికి వచ్చి బల్ల మీద కూర్చునేది. ఆ తర్వాత లేచి సైకిలు షాపుకి వెళ్ళిపోయేది. ఎండ బల్ల మీద ఉన్నంతసేపే ఏలీయా ఇనుమును చూసి మాట చెప్పేవాడు. పది దాటాక వచ్చినవాళ్ళకి "రేపు రండి" అనేవాడు.

జనం ఆయన్ని వైసుల ఏలీయా గారనేవారు. వైసంటే రెండు ఇనప దవడలూ మధ్యలో ఒక మరా. మర తిప్పితే దవడలు దగ్గరకొచ్చి, పెట్టిన వస్తువును కదలకుండా పట్టుకుంటాయి. రైసు మిల్లుల్లో ఉండే పెద్ద వైసుల జోలికి ఏలీయా వెళ్ళేవాడు కాదు. ఆయన లోకమంతా చిన్నవి: రెండు చేతుల్లో ఇమిడేవి, బల్ల అంచుకి తగిలించి కింద ఇంకో మరతో బిగించుకునేవి. గిల్టు నగలు చేసేవాళ్ళకీ, వాచీలు బాగుచేసేవాళ్ళకీ, తాళాలకు చెవులు చేసేవాళ్ళకీ అవి లేకపోతే రోజు గడవదు. కొత్తవి కొనే స్తోమత అందరికీ లేదు. కొన్నా, పాతవాటి పట్టు వాటికి రాదని నమ్మకం. బందరు రేవు పాతది. ఎన్ని దేశాల ఓడలొచ్చాయో అన్ని దేశాల ఇనుమూ ఇక్కడ దిగింది. ఓడలు వెళ్ళిపోయాయి, ఇనుము ఉండిపోయింది. పాతిళ్ళ అటకల మీద నుంచీ, మూతబడ్డ కంపెనీల గిడ్డంగుల నుంచీ అప్పుడొకటీ అప్పుడొకటీ చిన్న వైసు బయటికొచ్చేది. తుప్పు పట్టిన ఆ ముద్ద పనికొచ్చేదో, తూకానికి వేసెయ్యాల్సిందో తెలుసుకోడానికి గుడివాడ నుంచీ, పామర్రు నుంచీ కూడా ఏలీయా దగ్గరకొచ్చేవారు.

ఆయన చూసే పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముందు కిరసనాయిలు గుడ్డతో ఇనుము రంగు కనబడేదాకా తుడిచేవాడు. తర్వాత మర తిప్పి దవడలు తెరిచేవాడు. పుస్తకం తెరిచినట్టు పైన ఎడంగా కింద ఇరుగ్గా తెరుచుకుంటే అది కొలిమిలో కాల్చి సుత్తితో కొట్టి చేసింది. సొరుగు లాగినట్టు తిన్నగా తెరుచుకుంటే చాలామటుకు పోత పోసింది. కొట్టి చేసినదాని లోపల, దవడల్ని వెనక్కి నెట్టడానికి ఒక ఉక్కు బద్ద ఉంటుంది. మర దూరే గొట్టంలోకి అద్దంతో ఎండను మళ్ళించి చూస్తే, బాగా పాతవాటిలో సన్నటి పసుప్పచ్చ గీత మెలికలు తిరిగి కనబడుతుంది. ఆ రోజుల్లో గొట్టంలో చుట్లు కోసే యంత్రం లేక, ఇనప బద్దను చుట్టగా తిప్పి లోపల ఇత్తడితో అతికేవారు. ఆ గీత కనబడినప్పుడు ఏలీయా అద్దం తిప్పి మళ్ళీ చూసేవాడు. పేరు తెలియని ఎవరో పనివాడు వందేళ్ళ అవతల నుంచి ఒక పచ్చ దారం అందించినట్టు ఉండేది ఆయనకి. దవడల పళ్ళు చూసేవాడు. వంకరటింకరగా ఉంటే ఉలితో చేత్తో కొట్టినవి. చివరికి వైసును దారానికి వేలాడదీసి తాళంచెవితో తట్టేవాడు. గుళ్ళో గంటలా సాగితే మంచిది. బీటలు వారిన కుండలా జీరగా పలికితే ఎక్కడో పగులుంది.

అప్పుడు చెప్పేవాడు. ఇది ఫలానాది. ఇది పుట్టింది ఈ పనికి. ఈ పని మాత్రం దీనికి చెప్పొద్దు. ఈ మూడో మాట మీదే ఆయన పేరు నిలిచింది. చిన్న వైసు మీద సుత్తి దెబ్బ పడకూడదని, అది పట్టుకోవడానికే కాని దెబ్బలు తినడానికి కాదని, ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు.

ఏలీయాది పామర్రు దగ్గర పల్లెటూరు. తల్లీ తండ్రీ కూలికెళ్ళేవారు. మిషను హాస్టల్లో పడి, ఆ తర్వాత మిషను వారి పనిబడిలో ఫిట్టరు పని నేర్చుకుని, గుడివాడలో ఒక రైసు మిల్లులో చేరాడు. అక్కడ తొమ్మిదేళ్ళు చేశాడు. ఒక దసరాకి మిల్లువాళ్ళు ఇంజనుకి పూజ చేసి పసుపు రాసి బొట్లు పెట్టారు. మర్నాడు ఇంజను వేడెక్కి పొగ కక్కితే ఏలీయా పరుగున వెళ్ళి, పగులెక్కడుందో చూడాలని గుడ్డ తీసుకుని పసుపూ కుంకుమా తుడిచేశాడు. ఇంజను బాగుపడింది. కాని ఆ రోజు నుంచి మిల్లులో ఎవరూ ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. పోట్లాట లేదు, తిట్టు లేదు. నీళ్ళ కుండ దగ్గరికి ఆయన వెళ్తే పక్కనున్నవాళ్ళు లేచి వెళ్ళేవారు. నెల తిరక్కుండా మానేసి, పెళ్ళాం భాగ్యమ్మనీ, చెత్తలో దొరికిన ఒక చిన్న వైసునీ తీసుకుని బందరు వచ్చేశాడు. ఎవరి బొట్టునీ మళ్ళీ తుడవనని అప్పుడే అనుకున్నాడు. ఎవరితోనూ ఆ మాట అనలేదు.

పంతొమ్మిది వందల అరవై ఒకటి, కార్తీకం చివర్లో ఒక పొద్దున్న దివిసీమ నుంచి నాంచారమ్మ వచ్చింది. నాగాయలంక దాటాక, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గరున్న ఇసకదిబ్బపాలెం వాళ్ళది. ముప్పై ఏళ్ళుంటాయి. మొగుడు సముద్రం మీదికి వెళ్తాడు. ఆమె తండ్రి ఆ పాలేనికి గాలాలు చేసిపెట్టేవాడు. కూతురు చిన్నప్పటి నుంచీ పట్టకారు పట్టుకుని పక్కన కూర్చునేది. ఆయన పోయి ఏడాదైంది.

బుట్టలోంచి గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టింది. విప్పితే చిన్న వైసు. ఒళ్ళంతా చేపనూనె నిగనిగ. దవడల కింద కాలు పొడుగునా దట్టంగా పసుపు, దాని మీద మూడు కుంకుమ బొట్లు.

"మా నాన్నదండీ మేస్త్రిగారూ. దీని మీద చిన్న గాలాలే చేసేవాడు. ఇప్పుడు నేను సొరచేపలకి గాలాలు చెయ్యాలి. అరవై."

"సొరకా? బజార్లో దొరుకుతాయి కదమ్మా."

"దొరుకుతాయండీ, దువ్వెన పళ్ళలాగా. పెద్ద సొర పట్టి ఒక్క గుంజు గుంజితే తిన్నగా సాగిపోతాయి. మా పాలెం పెద్ద శోభనాద్రి బాబాయి అన్నాడు, మార్గశిర పున్నమికి అరవై గాలాలు నువ్విస్తే పడవలన్నీ నీవే కట్టుకుంటాయి, ఇవ్వలేకపోతే బజారువి తెస్తాం, నువ్వు మళ్ళీ చేపల బుట్ట ఎత్తుకో అని." నవ్వింది. "ఆడది కొలిమి ముందు కూర్చోవడం ఆయనకి కళ్ళలో నలుసు. మాటైతే ఇచ్చాడు."

"నీకొచ్చా పని?"

ఆమె బల్ల దగ్గరికి జరిగింది. బల్ల మీదున్న తీగముక్క తీసుకుని, ఏలీయా వైసులోనే బిగించి, ఆకురాయితో మొన తీసి, చేప జారిపోకుండా వెనక ముల్లు లేపి, పట్టకారుతో ఒక్క తిప్పు తిప్పి గాలం చేసి ఆయన చేతిలో పెట్టింది. సోడా కొట్టువాడు ఇంకో సీసా మూత కొట్టేలోగా అయిపోయింది. మొన వేలికి తగిలీ తగలకుండా తగిలింది. ఏలీయాకి మిల్లులో తొమ్మిదేళ్ళూ, కొట్లో పదమూడేళ్ళూ అంత తేలికైన చెయ్యి కనబడలేదు.

ఆమె వైసు దగ్గరికి లాక్కున్నాడు. దవడలు పుస్తకంలా తెరుచుకున్నాయి. అద్దం పెడితే గొట్టంలో పచ్చ దారం మెరిసింది. ఉలి పళ్ళు. అంచుల్ని ఆకురాయితో మలిచిన తీరు చూస్తే, ఏ గడియారాల పనివాడో తన బల్ల కోసం ముచ్చటపడి చేసుకున్నట్టుంది. కిరసనాయిలు గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. పసుపు దాకా వచ్చాక చెయ్యి ఆగింది. దవడలూ మరా తుడిచాడు. కాలు తుడవలేదు.

దారానికి వేలాడదీసి తట్టాడు. మోగింది. గంటంత పొడుగ్గా కాదు, కొంచెం పొట్టిగా. చేపనూనె మందంగా ఉంది కదా, దానివల్లేలే అనుకున్నాడు.

"కొట్టి చేసిన ఇనుము. పాతది, మంచిది. గడియారాల పని కోసం పుట్టింది" అన్నాడు.

"ఎర్రగా కాల్చిన కడ్డీ దీంట్లో బిగించి సుత్తితో కొట్టి వంచొచ్చా అండీ?"

ఇక్కడ మూడో మాట రావాలి. కాని ఆయన చేతిలో ఇందాకటి గాలం ఇంకా ఉంది. ఆ చేతికి అడ్డు చెప్పబుద్ధి కాలేదు.

"కొట్టమ్మా. సుత్తి దెబ్బల్తో పుట్టినదానికి సుత్తంటే భయమేముంటుంది. ఉంటుంది."

నాంచారమ్మ వైసు మూటకట్టుకుని తొమ్మిదిన్నర బస్సుకి పరుగెత్తింది.

పది రోజుల తర్వాత భూషణం వచ్చాడు. అతనూ ఇసకదిబ్బపాలెం వాడే, ఎండుచేపల వ్యాపారం. పెట్రోమాక్సు పంపు బాగుచేయించుకోడానికి ఏటా రెండుసార్లు వచ్చేవాడు. నోరు ఊరుకోదు.

"ఏం బావా, మా నాంచారికి వరం ఇచ్చి పంపావంట. పాలెం అంతా నీ పేరే. ఏలీయా గారు ఉంటుందన్నారు, ఉంటుందన్నారు అని సుత్తి పడ్డప్పుడల్లా జపం చేస్తోంది. శోభనాద్రి మొహం చూడాలి, ఎండబెట్టిన మాగచేపలా ఉంది."

"ఎన్ని చేసింది?"

"ఇరవై దాటాయి. గట్టి పిల్ల. నాన్న పోయాక ఆ వైసును ఎంత బాగా చూసుకుందనుకున్నావు? పోయినేడు కొయ్య మీద నుంచి పడితే కాలు పొడుగునా విచ్చుకుంది. దూది పెట్టి, గుగ్గిలం కాచి, పడవ సందులు పూడ్చినట్టు పూడ్చింది. దాని మీద పసుపు రాసింది. వేలు పెట్టి చూసినా తెలీదు. ఆ పనితనం మా మగాళ్ళకి లేదు బావా!"

ఏలీయా చేతిలో పంపు కింద పెట్టాడు.

"విచ్చుకుందా?"

"ఆ. బెత్తెడు చీలిక. అదేమంత, పడవలకి చీలికలు రావూ? పూడిస్తే నీళ్ళ మీద తేలట్లేదూ?"

భూషణం గొంతులో మెచ్చుకోలు తప్ప ఇంకేం లేదు. ఆ పాలెంలో పూడ్చిన చీలిక చీలిక కాదు. ఏటా పడవలన్నీ ఒడ్డుకి లాగి సందుల్లో గుగ్గిలం పెట్టుకునేవాళ్ళకి అది దాచాల్సిన సంగతీ కాదు, చెప్పాల్సిన సంగతీ కాదు. తల దువ్వుకున్నానని ఎవరు చెప్తారు? కాని గుగ్గిలం నీటిని ఆపుతుంది, సుత్తిని ఆపదు. ఎర్రటి కడ్డీ పట్టుకుని ఉండగా ఆ కాలు రెండుగా విడిపోతే, కడ్డీ ఎగిరి ఎటు పడుతుందో చెప్పలేం. ఆమె మొహం దానికి జానెడు దూరంలో ఉంటుంది. మొహం తప్పించుకున్నా వైసు మిగలదు. వైసు లేకపోతే అరవై గాలాలు లేవు.

రాత్రి అన్నం దగ్గర భాగ్యమ్మకి చెప్పాడు.

"తుడవకుండా మాట చెప్పారా?" అంది ఆమె. "కంచం మూడుసార్లు తుడిస్తే గాని అన్నం వడ్డించనివ్వరు, మీరా?"

"పసుపుందే దాని మీద."

భాగ్యమ్మకి గుడివాడ సంగతి తెలుసు. కంచంలో మజ్జిగ పోసింది. "పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళండి. క్రిస్మస్‌కి సున్నం నేను వేయించుకుంటాను, మీరున్నా గోడకి ఆనుకుని మచ్చలు చెయ్యడం తప్ప ఏం చేస్తారు. అక్కడికెళ్ళి చుట్టూ తిప్పి చెప్పకండి. తప్పయిందని ముందు చెప్పి, తర్వాత మిగతాది చెప్పండి."

చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ. బస్సు ఆగాల్సినచోటల్లా ఆగింది, ఆగక్కర్లేనిచోటా ఆగింది. కోతకొచ్చిన వరి రెండు పక్కలా పచ్చదనం వదులుకుంటోంది. నాగాయలంకలో దిగి, ఉప్పు పేరిన కరకట్ట మీద రెండు గంటలు నడిచాడు. చెట్లు పొట్టివయ్యాయి, ఆకాశం కిందికి దిగింది, గాలికి ఉప్పూ ఎండుచేపా వాసన పట్టింది. ఇళ్ళు కనబడకముందే చప్పుడు వినబడింది. టంగు, టంగు, టంగు. వినబడినంతసేపూ ఆయనకి ఊపిరాడింది. ఒకసారి ఆగిపోయింది. నడిచేవాడల్లా పరుగెత్తాడు.

కడ్డీ కాలుతోంది, అందుకే ఆగింది. నాంచారమ్మ వలల పాక నీడలో కొలిమి ముందు కూర్చుని ఉంది. వైసు ఒక పాత పడవ చెక్కకి బిగించి ఉంది. పక్కన తాటాకు మీద గాలాలు వరసగా, ఒక్కొక్కటీ చిటికెనవేలంత లావున ఉన్నాయి. కొంచెం ఎడంగా శోభనాద్రి వల బాగుచేసుకుంటూ, చూడనట్టు చూస్తున్నాడు.

"మేస్త్రిగారే! ఇంత దూరమా!" అంటూ ఆమె ఎర్రటి కడ్డీని పట్టకారుతో ఎత్తింది.

"దాన్ని వైసులో పెట్టకమ్మా. పెట్టకు. నేను తప్పు చెప్పాను."

పట్టకారు గాల్లో ఆగింది. కడ్డీ ఎరుపు నెమ్మదిగా నల్లబడింది. శోభనాద్రి వల పక్కన పెట్టి లేచాడు. చుట్టుపక్కల నుంచి ఇంకో అయిదారుగురు వచ్చారు.

"ఏం తప్పండీ?" అంది నాంచారమ్మ.

"ఈ కాలు చీలిందట కదా. భూషణం చెప్పాడు."

"అవునండీ, గుగ్గిలం పెట్టాగా."

"నేను తుడిచి చూడలేదు. పసుపుందని తుడవలేదు."

ఆమె తెల్లబోయి చూసింది. తర్వాత గట్టిగా నవ్వింది. "పసుపే కదండీ! తుడిస్తే మళ్ళీ రాసుకునేదాన్ని. ఇంట్లో కొమ్ములు లేవా? రోజూ సముద్రం నా మొగుడి పడవ బొట్టు తుడిచేస్తుంది. సముద్రంతో పోట్లాడతామా?"

 ఏలీయా తొమ్మిదేళ్ళ మిల్లు, నీళ్ళ కుండ దగ్గర్నుంచి లేచి వెళ్ళినవాళ్ళు, అన్నీ ఆ నవ్వు ముందు చిన్నవై నిలబడ్డాయి. ఆమే కొంగుతో పసుపు తుడిచేసి, వైసును చెక్క మీద నుంచి ఊడదీసి ఆయన చేతికిచ్చింది. ఏలీయా కాలును కొలిమి సెగకి దూరంగా చూపించాడు. ముందు నూనె పొగలొచ్చాయి. తర్వాత నల్లటి బుడగలు లేచాయి. గుగ్గిలం కరిగి కారాక, మర దూరే బెజ్జం నుంచి కింది దాకా చీలిక కనబడింది. తాటిదూలం నెర్ర విచ్చినట్టు, ఇనుము పీచు వెంబడే తిన్నగా విచ్చింది. కొత్త దెబ్బలకి కింది కొసన వెంట్రుకవాసి ముందుకి పాకి, అక్కడ ఇనుము తెల్లగా మెరుస్తోంది.

"ఇంకో పాతిక దెబ్బలు" అన్నాడు ఏలీయా. "అంతే ఉంటుంది."

శోభనాద్రి తల ఊపాడు. "బందరు మేస్త్రి ఉంటుందన్నాడని ఊరు హోరెత్తించావు కదే. ఇప్పుడు ఆ బందరు మేస్త్రే పోతుందంటున్నాడు. ఇందులో ఏ మాట కట్టుకుని సముద్రం మీదకెళ్ళాలి మేం? పున్నమి ఇంకా ఆరు రోజులుంది. రేపు మనిషిని పంపుతా, బజారువి తెస్తాడు."

నాంచారమ్మ మొహంలో నవ్వు పోయింది. ఆమె శోభనాద్రి వైపు చూడలేదు, ఏలీయా వైపు చూసింది. "దీన్ని బాగుచెయ్యొచ్చా?"

"అడ్డంగా విరిగితే చెయ్యలేం. ఇది నిలువునా చీలింది. బండిచక్రానికి పట్టా వేసినట్టు వెయ్యొచ్చు. ఎర్రగా కాల్చి తొడిగితే, చల్లారి బిగుసుకుని చీలికను మూస్తుంది. కాని నేను కొలిమి పని చేసి పదమూడేళ్ళయింది."

"కొలిమి పని నేను చేస్తా. కొలత మీరు చెప్పండి."

కాలు చుట్టూ దారం చుట్టి కొలిచాడు. ఆమె సొర గాలాల కడ్డీ ఒకటి తీసి, పక్కనున్న రాయి మీద పలకగా సాగగొట్టి, చుట్టి అతికింది. మొదటి పట్టా ఎర్రగా కాల్చి తొడిగితే సులువుగా జారింది, చల్లారాక వేలితో తిరిగింది. ఏలీయా భయపడి కొలత ఎక్కువ ఇచ్చాడు.

"గాజులా తొడిగారు మేస్త్రిగారూ. ఇనపదానికి పెళ్ళా ఏంటి?" అన్నాడు చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకడు. అందరూ నవ్వారు. ఏలీయా కూడా నవ్వాడు. ఇంకో గోరంత తగ్గించి చెప్పాడు. నాంచారమ్మ ఇంకో అరగోరు తనంతట తానే తగ్గించింది. రెండో పట్టా తొడగడానికి ఇద్దరూ పట్టకార్లతో పెనుగులాడి, చెక్కతో తట్టి దింపి, కుండెడు నీళ్ళు కుమ్మరించారు. బుస్సుమని ఆవిరి లేచింది. ఆవిరి తొలిగాక చూస్తే చీలిక మూసుకుని, లోపల మిగిలిన గుగ్గిలం ఒక నల్ల చుక్కగా బయటికొచ్చి నిలిచింది. ఏలీయా దారానికి కట్టి తట్టాడు. ఈసారి సాగింది.

"ఇప్పుడు చెప్పు. ఉంటుందా?" అన్నాడు శోభనాద్రి.

అందరూ ఏలీయా నోటి వైపు చూశారు. నాంచారమ్మ కూడా.

"సుత్తి దెబ్బకి ఉంటుందని చెప్పను" అన్నాడు ఏలీయా. "ఆ రోజు కూడా చెప్పకుండా ఉండాల్సింది. ఇంత చిన్న వైసు దేనికీ ఆ పని చెప్పకూడదు. మొన తియ్యడానికీ ముల్లు లేపడానికీ ఉంటుంది, ఎన్నేళ్ళైనా ఉంటుంది. వంపు కొట్టడానికి కాదు."

"మరి వంపెక్కడ కొట్టనండీ?" అంది నాంచారమ్మ. గొంతు కొంచెం పైకి లేచింది. "రాయి మీద సాగగొట్టొచ్చు గాని వంపు రాదు. ఇంకా ముప్పైయెనిమిది చెయ్యాలి."

ఏలీయా చుట్టూ చూశాడు. ఇసక, వలలు, బోర్లించిన పడవలు. ఒక పడవ పక్కన, సగం ఇసకలో, ఒక ముక్కు విరిగిన లంగరుంది. మనిషి తొడంత లావు. దాని మెడ దగ్గర సరిగ్గా గాలం వంపంత గుండ్రం.

"అదెవరిది?"

చుట్టూ ఉన్నవాళ్ళు శోభనాద్రి వైపు తిరిగారు. ఆయన ఒక అడుగు ముందుకొచ్చాడు. "నాది. విరిగింది. ఏం?"

"బాబాయ్, ఇస్తావా?" అంది నాంచారమ్మ.

"ఇవ్వడమేంటే, ఇసకలో పడుంది కదా. నా కళ్ళ ముందే కొట్టు. మొదటి గాలం నేను చూస్తా. తర్వాత మాట్లాడదాం."

నలుగురు కలిసి లంగరును దొర్లించుకొచ్చి మెడ పైకొచ్చేలా పాతారు. నాంచారమ్మ కడ్డీ కాల్చి, ఆ మెడ మీద పెట్టి కొట్టింది. వైసు మీద భయం భయంగా కొట్టిన చేతికి ఇప్పుడు కింద కొండ దొరికింది. నాలుగు దెబ్బలకే వంపు తిరిగింది. మొన తీసి, ముల్లు లేపి, నీళ్ళలో ముంచింది.

గాలం పరీక్షకి ఆ పాలెంలో ఒక పద్ధతుంది. ఒడ్డున గుంజకి గాలం తగిలించి, తాడు కట్టి, నలుగురు మగాళ్ళు వెనక్కి వంగి లాగాలి. లాగారు. టక్కుమని వంపు దగ్గర విరిగింది. నలుగురూ ఇసకలో వెల్లకిలా పడ్డారు. ఎవరూ నవ్వలేదు.

శోభనాద్రి వల వైపు తిరిగాడు.  నాంచారమ్మ మాత్రం విరిగిన ముక్క తీసుకుని విరిగినచోట వేలితో రుద్దింది.

"పల్చనైంది" అంది తనలో తాను. "కింద గట్టిగా ఉందని ఎక్కువ కొట్టేశాను. బాబాయ్, ఒక్క నిమిషం. సొర మొదటి గుంజుకే చిక్కుతుందా?"

శోభనాద్రి ఆగాడు. కూర్చోలేదు, వెళ్ళలేదు.

రెండోదానికి అయిదు దెబ్బలు, అన్నీ మెత్తగా, సుత్తి తన బరువుతోనే పడేలా కొట్టింది. పెళుసెక్కకుండా నీళ్ళ బదులు చేపనూనెలో ముంచింది. నలుగురూ లాగారు. తాడు తీగలా మోగింది. శోభనాద్రి వచ్చి అయిదోవాడిగా తాడు పట్టుకున్నాడు. గుంజ ఒరిగింది గాని గాలం ఒరగలేదు.

ఆయన దాన్ని విప్పి, వంపు చూసి, మొన చూసి, తన మొలతాడుకి తగిలించుకున్నాడు. "మనిషిని పంపన్లే" అని వల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఏలీయా ఆ రోజు బస్సు అందుకోలేదు. మర్నాడూ అందుకోలేదు. నాంచారమ్మ వంపులు కొడుతుంటే, ఆయన వైసు ముందు కూర్చుని మొనలు తీసి, ముళ్ళు లేపాడు. ఆకురాయి కింద ఇనుము వెండి పొడిగా రాలి ఇసకలో కలిసింది. ఆటుపోట్ల శబ్దం పాక లోపలిదాకా వచ్చేది. పట్టా వేసిన కాలు ఒక్కసారీ కదల్లేదు. ఆదివారం పొద్దున్న ప్రార్థన ఆకురాయి పట్టుకునే గొణుక్కున్నాడు. ఆమె సుత్తి ఆపి, అది పూర్తయ్యేదాకా కూర్చుని, మళ్ళీ కొట్టింది.

పున్నమికి రెండు రోజుల ముందు శోభనాద్రి వచ్చి తాటాకు మీది గాలాలు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశాడు. మొదట వైసు మీద కొట్టిన ఇరవై రెండు కూడా గుంజకి తగిలించి లాగించాడు. అన్నీ నిలిచాయి. చివరికి ఒకదాన్ని పక్కన పడేశాడు.

"దీని ముల్లు పొట్టి. సొర జారిపోతుంది."

ఆ ముల్లు ఏలీయా లేపింది. ఆయన ఏదో అనబోయాడు. నాంచారమ్మ అప్పటికే దాన్ని వైసులో బిగించి మర తిప్పింది.

"ఆకురాయి ఇటివ్వండి మేస్త్రిగారూ," అంది, "ఇంకో నాలుగు రాపులు రాస్తే సరిపోతుంది."